నీలం అంటుకున్న గోళం

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. వేసవి సెలవుల్లో దాంతో కలిసి 'ఇన్‌సైడ్ అవుట్' సినిమా మూడోసారి చూశాను. అందులో కోపం అనే పాత్ర నెత్తి మీద మంటలు లేచినప్పుడల్లా అది పడీ పడీ నవ్వింది. నా మనసు మాత్రం ఒక చిన్న సన్నివేశం దగ్గరే ఆగిపోయింది. దుఃఖానికి రూపమైన శాడ్‌నెస్, బంగారు రంగు గోళంలా మెరిసే ఒక జ్ఞాపకాన్ని ఊరికే చేత్తో తాకుతుంది. అంతే, ఆ గోళం నీలంగా మారిపోతుంది. ఆనందానికి రూపమైన జాయ్ ఎంత తంటాలు పడినా పాత రంగు తిరిగి రాదు.

పిక్సార్ 2015లో తీసిన సినిమా ఇది. పదకొండేళ్ల రైలీ కుటుంబం మిన్నెసోటా నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి మారుతుంది. కథ ఎక్కువగా ఆ పిల్ల తలలోనే నడుస్తుంది. సరదాగా ఉండే తన కూతురు ఆ వయసుకొచ్చేసరికి ఒక్కసారిగా మౌనంగా మారిపోవడం చూసి, దాని తలలో ఏం జరుగుతోందోనన్న ఆలోచనతో దర్శకుడు పీట్ డాక్టర్ ఈ కథ మొదలుపెట్టాడు. పాల్ ఎక్మన్, డాకర్ కెల్ట్‌నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు సలహాలిచ్చారు. ఎక్మన్ మొదట్లో చెప్పిన మూల భావాలు ఆరు: ఆనందం, దుఃఖం, కోపం, భయం, అసహ్యం, ఆశ్చర్యం. సినిమా ఆశ్చర్యాన్ని వదిలేసి ఐదింటినే తీసుకుంది. మన నాట్యశాస్త్రంలో రసాలకి మూలమని చెప్పే ఎనిమిది స్థాయీభావాల్లో హాసం, శోకం, క్రోధం, భయం, జుగుప్స, విస్మయం ఉన్నాయి. ఆ ఆరూ దాదాపు ఇవే! ఈ పోలిక తట్టినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. అయితే మెదడులో ఒక్కో భావానికి ఒక్కో చోటు కేటాయించి ఉండదని లీసా ఫెల్డ్‌మన్ బారెట్ లాంటి శాస్త్రవేత్తలు గట్టిగా వాదిస్తున్నారు. ఆ చర్చ ఇంకా తెగలేదు.

నన్ను పట్టేసింది ఆ నీలం రంగే. పాత జ్ఞాపకం అలా మారిపోవడం నిజంగా జరుగుతుందా? 2000లో న్యూయార్క్‌లో కరీం నాదర్, గ్లెన్ షాఫే, జోసెఫ్ లెడూ ఎలుకల మీద ఒక ప్రయోగం చేశారు. ఒక శబ్దం వినిపించి, కాళ్లకి చిన్న కరెంటు షాక్ ఇచ్చారు. ఆ తర్వాత శబ్దం వింటే చాలు, ఎలుక కదలకుండా బిగుసుకుపోయేది. మర్నాడు ఆ శబ్దాన్ని మళ్లీ వినిపించి, అంటే ఆ భయాన్ని గుర్తుచేసి, వెంటనే మెదడులో భయం జ్ఞాపకాలకి కీలకమైన అమిగ్డాలా అనే భాగంలోకి ఒక మందు ఎక్కించారు. కొత్త ప్రొటీన్లు తయారుకాకుండా ఆపే మందు అది. తర్వాతి రోజు అదే శబ్దం వినిపిస్తే ఎలుకలకి మునుపటంత భయం లేదు. శబ్దం వినిపించకుండా, మందు ఒక్కటే ఎక్కించిన ఎలుకల్లో మాత్రం భయం చెక్కుచెదరలేదు.

బెల్లం పాకం గట్టిపడ్డాక మళ్లీ పొయ్యి మీద పెడితే కరుగుతుంది కదా. కరిగి ఉన్న కాసేపట్లో ఏం పడితే అది అందులో కలిసిపోతుంది. చల్లారాక ఆ కలిసినదంతా పాకంలో భాగమే. గుర్తుచేసుకున్నప్పుడు జ్ఞాపకం కూడా అలా మెత్తబడుతుంది, తిరిగి గట్టిపడాలంటే కొత్త ప్రొటీన్లు కావాలి. దీన్నే పునఃస్థిరీకరణ అంటారు. ప్రతి జ్ఞాపకమూ అంత తేలిగ్గా కరగదని, బాగా పాతవీ బలమైనవీ మొండికేస్తాయని తర్వాతి ప్రయోగాల్లో తేలింది.

సినిమాలో ఇంకో గోళం ఉంది. ఓ చెట్టు కొమ్మ మీద రైలీ, పక్కన అమ్మానాన్నలు, చుట్టూ కేరింతలు కొట్టే హాకీ జట్టు. జాయ్‌కి అది పూర్తిగా సంతోషమే. కాస్త వెనక్కి తిప్పి చూస్తే గోళం నీలంగా ఉంటుంది. ఆ రోజు రైలీ గెలుపు గోల్ కొట్టలేకపోయింది, ఒంటరిగా కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపు చూసే అందరూ దగ్గరికొచ్చారు. ఏడుపు సాయాన్ని పిలుస్తుందన్న సంగతి ఎంత తేటగా చెప్పారో!

నాకు పన్నెండేళ్లప్పుడు నాన్నకి బదిలీ అయ్యి తెనాలి నుంచి వరంగల్ వెళ్లాం. సామాన్ల లారీ క్యాబిన్‌లో నేను, అక్క, నాన్న. టార్పాలిన్ వాసన, డ్రైవర్ పెట్టిన క్యాసెట్, దారి పొడవునా మా పాటలు. చాలా ఏళ్లు అది నాకు పక్కా బంగారు గోళం. నాన్న పోయాక ఒకరోజు అమ్మ మాటల్లో చెప్పింది, ఆ ఇల్లు మారడానికి ఆయన ఎక్కడెక్కడ అప్పు చేశాడో. అప్పటినుంచి ఆ ప్రయాణం తలుచుకుంటే నాన్న మౌనంగా కిటికీలోంచి బయటికి చూస్తూ కనిపిస్తాడు.

సినిమా అయ్యాక అక్కకి ఫోన్ చేసి అడిగాను, నాన్న ఆ రోజు ఏం మాట్లాడలేదు కదా అని.

"అదేంటే, మనకంటే గట్టిగా పాడింది ఆయనేగా," అంది.

తను చెప్పిందే నిజం కావచ్చు. అయినా కళ్లు మూసుకుంటే ఇప్పటికీ ఆయన కిటికీ వైపే చూస్తున్నాడు.