వియన్నా ఒపెరా మనకెందుకులే అనుకునేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

విశాఖ నుంచి యూరప్‌కు గ్రూపుల్ని తీసుకెళ్లడం నా పని. వియన్నాలో ఒపెరాలు, అంటే పాటలతోనే నడిచే నాటకాలు, ఆడే స్టేట్ ఒపెరా భవనం ముందు బస్సు ఆగగానే అందరూ దిగి ఫొటోలు తీసుకుంటారు. సాయంత్రం లోపలికి వెళ్దామంటే మాత్రం వెనకాడతారు. కళాభారతిలో కచేరీ ఉందంటే ముందే వెళ్లి కూర్చునే మాస్టార్లు, రాయబారం పద్యాలు నోటికొచ్చినవాళ్లు కూడా అంతే. నా బాధంతా అదే. గోడలు చూసి వచ్చేస్తే ఆ భవనాన్ని చూసినట్టు కాదు, అక్కడ పాట వినాలి. వద్దనడానికి మనవాళ్లు చెప్పే కారణాలు దాదాపు ఇవే.

అపోహ: టికెట్ వందల యూరోలు, మనవల్ల కాదు.

మంచి కుర్చీలకు ఆ ధర నిజమే. కానీ ఇక్కడ నిలబడి చూసే టికెట్లు కూడా వందల సంఖ్యలో ఉన్నాయి. ప్రదర్శన రోజున అమ్ముతారు, కుర్చీ ధరతో పోలిస్తే చాలా చవక. కింది అంతస్తులో నిలబడే చోటు ఒకప్పుడు చక్రవర్తి కూర్చున్న బాక్సుకు (ప్రత్యేకమైన గదిలాంటి చోటుకు) సరిగ్గా కిందే ఉంటుంది, స్టేజీకి ఎదురుగా. లోపలికి వెళ్లగానే ముందున్న కడ్డీకి ఒక స్కార్ఫ్ కట్టేస్తారు. ఇక ఆ చోటు మీదే, తిరిగొచ్చేదాకా ఎవరూ ముట్టుకోరు. చున్నీ కట్టినా, కండువా కట్టినా చెల్లుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మాత్రం ముందుగానే కుర్చీ బుక్ చేసుకోండి. మూడు గంటలు నిలబడటం తేలిక కాదు.

అపోహ: భాష రాదు కదా, ఏం అర్థమవుతుంది?

కుర్చీ ముందు చిన్న తెర ఉంటుంది. అందులో పాటకు ఇంగ్లీషు అనువాదం నడుస్తూనే ఉంటుంది. ఇటాలియన్ ఒపెరా ఆడే రాత్రి జర్మన్ మాట్లాడే వియన్నావాళ్లూ ఆ తెరే చూస్తారు. కథ ముందురోజు హోటల్లో ఒకసారి చదువుకుంటే తెర వైపు చూసే పనీ తగ్గుతుంది.

అసలు సంగతి గొంతు. గాయకులకు మైకు ఉండదు. స్టేజీ ముందు గోతిలో నిండు ఆర్కెస్ట్రా వాయిస్తుంటే, దాన్ని దాటి ఆ గొంతు పై గ్యాలరీ చివరి మనిషి దాకా వెళ్లాలి. ప్రపంచమంతా పేరున్న వియన్నా ఫిల్హార్మోనిక్ వాద్యబృందం కళాకారులు ఈ ఒపెరా ఆర్కెస్ట్రా నుంచే వస్తారు. మైకు లేకుండా రాగం తీసి పందిరంతా నింపిన పద్యనాటక నటుల గురించి విన్నవాళ్లకు ఈ కష్టం ఒకరు చెప్పక్కర్లేదు. పాట బాగుంటే మధ్యలో చప్పట్లు కొట్టొచ్చు, ‘బ్రావో’ అని అరవొచ్చు. మనకు అలవాటైన ‘వన్స్ మోర్’ మాత్రం అక్కడ చాలా అరుదు.

అపోహ: కోటూ టై లేకపోతే రానివ్వరు.

శుభ్రమైన ప్యాంటూ షర్టూ చాలు. పట్టుచీర అయితే ఇంకా మంచిది.

అపోహ: విగ్గు పెట్టుకుని, పాతకాలపు సంగీతకర్త మొజార్ట్ వేషంలో వీధిలో తిరిగేవాళ్లు అమ్మేవి ఒపెరా టికెట్లే.

ఆ వేషాలవాళ్లు అమ్మేవి సాధారణంగా వేరే హాళ్లలో టూరిస్టుల కోసం పెట్టే కచేరీలకు. డబ్బు ఇచ్చేముందు టికెట్ మీద హాలు పేరు చూడండి. స్టేట్ ఒపెరా టికెట్ దాని సొంత కౌంటర్‌లోనో, సొంత వెబ్‌సైట్‌లోనో కొనుక్కోవడమే క్షేమం.

అపోహ: లోపలంతా 1869 నాటిదే.

1869 మే 25న మొజార్ట్ ఒపెరా ‘డాన్ జొవాని’తో మొదలైన మాట నిజం. కట్టిన ఇద్దరు ఆర్కిటెక్టులూ ఆ రోజు చూడకుండానే 1868లో పోయారు. 1945 మార్చి 12న బాంబులు పడి స్టేజీ, ప్రేక్షకుల హాలు తగలబడిపోయాయి. ముందు భాగం, పెద్ద మెట్లు మిగిలాయి. 1955 నవంబరు 5న బేతోవెన్ ఒపెరా ‘ఫిడేలియో’తో మళ్లీ తెరిచారు. కాబట్టి మెట్లెక్కేటప్పుడు మీ కాలి కింద ఉన్నది పాతది, పాట వినే హాలు యుద్ధం తర్వాతది. ఈ తేడా గైడెడ్ టూర్‌లో దగ్గరగా కనిపిస్తుంది.

అపోహ: ఎప్పుడు వెళ్లినా ఏదో ఒకటి ఆడుతుంది.

సీజన్ సెప్టెంబరు నుంచి జూన్ దాకా. జూలై, ఆగస్టుల్లో వెళ్తే అక్కడ ఒపెరా దొరకదు. పిల్లల వేసవి సెలవుల్లో, అంటే మే నెలలో బయల్దేరేవాళ్లకు ఇబ్బంది లేదు. దాదాపు ప్రతి రాత్రీ వేరే ఒపెరా ఉంటుంది కనుక తేదీలు చూసి ఎంచుకోండి. మొదటిసారే జర్మన్ సంగీతకర్త వాగ్నర్ ఒపెరాలు వద్దు, కొన్ని ఐదు గంటలు సాగుతాయి. ఆలస్యమైతే విరామం దాకా హాల్లోకి పంపరు. అరగంట ముందే చేరి, ఓవర్‌కోటు, బ్యాగు క్లోక్‌రూమ్‌లో ఇచ్చేయండి.