పుణెలో నాటకం ఆపడం ఇది మొదటిసారి కాదు

పుణె విశ్వవిద్యాలయంలో నాటకం నేర్పే విభాగమైన లలిత కళా కేంద్రంలో 2024 ఫిబ్రవరి 2న విద్యార్థుల నాటకాన్ని మధ్యలోనే ఆపించారు. రామ్‌లీలా ఆడే నటులు గ్రీన్‌రూమ్‌లో ఎలా ఉంటారన్నది అందులో విషయం. సీత వేషగాడు సిగరెట్ ముట్టించాడనీ, బూతులు మాట్లాడాడనీ, మనోభావాలు దెబ్బతిన్నాయనీ విద్యార్థి సంఘం ఏబీవీపీ అభ్యంతరం. విభాగాధిపతినీ ఐదుగురు విద్యార్థులనూ పోలీసులు అరెస్టు చేశారు. మర్నాడు బెయిలు వచ్చింది. అదే రోజు కొందరు కేంద్రం మీద పడి విధ్వంసం చేశారు.

1996 నుంచి 2009 దాకా ఈ కేంద్రాన్ని నడిపింది ప్రొఫెసర్ సతీశ్ ఆళేకర్. మరాఠీ నాటకకర్త, దర్శకుడు, పద్మశ్రీ గ్రహీత. ఇలాంటి గొడవే ఆయన కుర్రతనంలో చూశారు. ఆయన పుట్టుపూర్వోత్తరాలు వదిలేసి నేరుగా 1972 డిసెంబరుకు వెళ్లాలి. అప్పుడే బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ అయిన ఆ కుర్రాడు, విజయ్ టెండూల్కర్ రాసిన మరాఠీ నాటకం 'ఘాశీరాం కొత్వాల్'కు సహాయ దర్శకుడు. పీష్వాల మంత్రి నానా ఫడ్నవీస్‌ను కించపరిచారని ఊరంతా గొడవ. 19 ప్రదర్శనలయ్యాక నాటకం ఆగిపోయింది. ఆపింది సర్కారు కాదు. దాన్ని ఆడుతున్న ప్రోగ్రెసివ్ డ్రమాటిక్ అసోసియేషన్ పెద్దలే.

కుర్రాళ్లు అక్కడితో సరిపెట్టుకోలేదు. బయటికొచ్చి 1973 మార్చి 27న థియేటర్ అకాడమీ పెట్టుకున్నారు. మరుసటి ఏడాది అదే నాటకాన్ని మళ్లీ ఎక్కించారు. ఆళేకర్ రాసిన 'మహానిర్వాణ్' వచ్చిందీ 1974లోనే. అందులో చచ్చిపోయిన భావురావు తన చావు కథను తానే కీర్తనకారుడిలా చెబుతాడు. మన హరికథ విన్నవాళ్లకు ఆ పద్ధతి వెంటనే తెలిసిపోతుంది. సొంత వేదిక దొరక్కపోతే ఇంత తెగువ ఆయనకు వచ్చేది కాదని నా నమ్మకం.

2024 గొడవకు మరీ దగ్గరగా ఉన్నది 1979 నాటి 'బేగం బర్వే'. పాత సంగీత నాటకాల్లో చిన్నాచితకా ఆడవేషాలు వేసిన బర్వే, ఇప్పుడు ఊదుబత్తీలు అమ్ముకుని బతుకుతుంటాడు. తీసేసిన వేషం మనసులోంచి పోదు. ఒక గుమాస్తా అతన్ని నిజంగానే ఆడమనిషి అనుకుంటాడు. వేషానికీ వేసేవాడికీ మధ్య ఉన్న ఆ సన్నని గీతనే ఆళేకర్ ఎంతో జాలితో చూపించారు. 2024లో విద్యార్థులు ముట్టుకున్నదీ ఆ గీతనే.

విశ్వవిద్యాలయం మాత్రం క్షమాపణ చెప్పింది. ఆ నాటకం విద్యార్థుల పరీక్షలో భాగం. 1973 కుర్రాళ్లు సంస్థ వదిలి బయటికి నడవగలిగారు. ఈ పిల్లలు అక్కడే చదువు పూర్తి చెయ్యాల్సినవాళ్లు.