అలిపిరిలో చూపించే కార్డు

మా పెద్దమ్మకు గుండె లయ తప్పకుండా చూసే పేస్‌మేకర్ పెట్టి ఆరేళ్లయింది. కొండకు వెళ్లినప్పుడల్లా అలిపిరి తనిఖీలో సంచిలోంచి పేస్‌మేకర్ కార్డు తీసి చూపిస్తుంది. మొన్న ఎడమ రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీసేశారు. ఇక రేడియేషన్ ఇవ్వాలి. చిత్తూరు నుంచి తిరుపతి బస్సులో వస్తూ మెల్లగా అడిగింది: "ఈ డబ్బా సంగతి చెబితే కరెంటు పెట్టరేమో నాయనా, చెప్పకుండా ఉంటే?"

రేడియేషన్‌ను 'కరెంటు' అనడంతోనే సగం భయం పుడుతుంది. అందులో ఒంట్లోకి ఎక్కించే విద్యుత్తేమీ లేదు. ఉన్నవి బలమైన ఎక్స్‌రేలు. పేస్‌మేకర్‌లో బ్యాటరీతో పాటు ఒక చిప్ ఉంటుంది. ఎక్స్‌రేలు తగిలినకొద్దీ చిప్‌లో విద్యుత్తును పారనివ్వని పొరలో విద్యుదావేశం పేరుకుని, చిప్ పాడు కావచ్చు. అందుకే తగిలే రేడియేషన్ మోతాదును 'గ్రే' అనే కొలతలో లెక్క వేస్తారు. రొమ్ముకు తరచుగా 15 విడతల్లో 40 గ్రేలు ఇస్తారు. జానెడు దూరం కూడా లేని పేస్‌మేకర్‌కు మొత్తం మీద 2 గ్రేలు దాటకుండా చూస్తారు. 5 దాటితే ప్రమాదం ఎక్కువని లెక్క. కిరణం నేరుగా దానిమీద పడకూడదు. తప్పనిసరిగా పడేటట్లుంటే, పరికరాన్నే మరోచోటికి మార్చడం గురించి ఆలోచిస్తారు.

నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం న్యూట్రాన్ల సంగతి. ఎక్స్‌రేల శక్తి 10 మెగావోల్టులు దాటితే, అవి యంత్రం తలలోని బరువైన లోహాల కేంద్రకాల నుంచి న్యూట్రాన్లను ఊడగొడతాయి. దారితప్పిన ఒక్క న్యూట్రాన్ చాలు, చిప్ జ్ఞాపకంలో సున్నాను ఒకటి చేయడానికి. రేడియేషన్ పొత్తికడుపుకు ఇస్తున్నా ఇది జరగవచ్చు. దూరం దీన్ని పూర్తిగా ఆపదు. అలా జరిగితే పరికరం సాధారణంగా తన అత్యవసర పద్ధతిలోకి మారుతుంది. చాలాసార్లు మళ్లీ ప్రోగ్రామ్ చేస్తే సరిపోతుంది. అందుకే వీలైనంతవరకు 6 మెగావోల్టులతో పని కానిస్తారు. పాతదని మనం చిన్నచూపు చూసే కోబాల్ట్ యంత్రానికి ఈ బెడదే లేదు.

గుండెకు షాక్ ఇచ్చే ఐసీడీలు ఇంకా సున్నితం. చికిత్స జరిగే ఆ కాసేపు షాక్‌ను ఆపి ఉంచడమూ ఉంటుంది.

పెద్దమ్మ చివరికి కార్డు తీసింది. రేడియేషన్ మోతాదు లెక్కలు చూసే ఫిజిసిస్టు పేస్‌మేకర్ మోడల్ సంఖ్య రాసుకుని, గుండె విభాగానికి పంపి పేస్‌మేకర్‌ను ముందే పరీక్ష చేయించాడు. గుండె పూర్తిగా దానిమీదే ఆధారపడి లేదని తేలింది. తర్వాత సీటీ బొమ్మలో పేస్‌మేకర్ చుట్టూ పచ్చ గీత గీశాడు. కంప్యూటర్ లెక్క 2 గ్రేల లోపే చూపించింది.

"సోమవారం రండమ్మా, కార్డు మరిచిపోవద్దు" అన్నాడు.