ఊకున్న అని రాసినవు కదా

బిడ్డా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. పాలమూరు దిక్కు నుంచి మీ క్లాసుల కొత్తగ చేరిన పిలగాడు పాఠం చదువుతుంటే వాని యాసకు అందరు నవ్విండ్రని, సార్ కూడ నవ్విండని, వాడు కూసున్నంక మళ్ల తలెత్తలేదని రాసినవు. "నేను నవ్వలేదు తాతా, ఊకున్న" అని రాసి దాని కింద గీత గీసినవు. ఆ గీత చూసినంక నాకు నిద్ర పట్టలే. తమ్మునికి కూడ ఇది చదివి వినిపించు.

సిగ్గు వేరు, అవమానం వేరు. పక్కోళ్ల చెట్టు కాయ తెంపుతూ దొరికితే అయ్యేది సిగ్గు. మనం చేసిన పనికి మనకే లోపల కలుగుతది. అవమానానికి మన తప్పు ఉండనక్కర లేదు. మన దిక్కు "నలుగుట్ల ఇజ్జత్ తీసిండు" అంటరు చూడు, అంతా ఆ మాటలనే ఉన్నది. ఇజ్జత్ దానంతటది పోలే, ఒకడు తీసిండు. తీసేటప్పుడు నలుగురు చూస్తున్నరు.

నాకు పదిహేడేండ్లప్పుడు మర్రిగూడ దిక్కు మా పల్లె నుంచి నల్లగొండకు కాలేజీ చదువుకు పోయిన. మొదటి వారంలనే ఒక లెక్చరర్ ఏదో అడిగితే లేచి జవాబు చెప్పిన. జవాబు సరిగ్గనే చెప్పిన. ఆయన నా నోటి దిక్కు చూసి, "మీ ఊర్ల పండ్లు తోముకునే అలవాటు లేదా?" అన్నడు. క్లాసంత పగలబడి నవ్వింది. నా పండ్ల మీద గోధుమరంగు చారలుండె, ఇప్పటికీ ఉన్నయి. నేను రోజూ యాపపుల్లతోని తోముకునేటోన్నే. చిన్నప్పటి సంది తాగిన బాయి నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉండె. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగొద్దంటరు. చిన్నతనంల, పాలపండ్లు ఊడినంక వచ్చే పండ్లు చిగుళ్ల లోపల తయారయ్యే వయసుల, అది పంటి పింగాణీల కలిసిపోతది. ఎంత తోమినా పోదు. నాకు పండ్లకాడనే ఆగింది. మా ఊర్ల కాళ్లు వంకర తిరిగినోళ్లు, నడుము వంగి లేవలేనోళ్లు ఎంతమందో. ఇదంత అప్పుడు నాకు తెల్వదు. తెలిసినా ఆ నవ్వుల నడుమ ఎట్ల చెప్పుదును? ఆనాటి సంది చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వుడు నేర్చుకున్న. నా పెండ్లి ఫోటోల కూడ మూతి బిగబట్టుకునే ఉంట.

ఆ లెక్చరర్ ముఖం ఇప్పుడు సరిగ్గ యాదికి లేదు. యాదికున్నది నా బెంచి మీద కూసున్న దోస్తు. వానిది మా ఊరే, అదే బాయి నీళ్లు, అవే పండ్లు. వాడు నవ్వలే. నోట్‌బుక్కు దిక్కు చూసుకుంట ఊకున్నడు. నోరు తెరిస్తే వాని పండ్లు కూడ కనపడుతయి కదా. ఇరవై ఏండ్ల తర్వాత ఒక పెండ్లిల కలిసినప్పుడు, నేనేం అడగకముందే, "ఆ రోజు నేను మాట్లాడాల్సి ఉండెరా" అన్నడు. నేను ఎవ్వరికీ చెప్పుకోని దాన్ని వాడు కూడ అన్నేండ్లు మోసిండు.

బిడ్డా, నిన్ను తిడుతలేను. క్లాసంత నవ్వుతుంటే ఒక్కదానివే లేచి ఆపుడు అలకటి పని కాదు. కాని తలొంచుకున్నోనికి ఎవరు నవ్విండ్రో ఎవరు ఊకున్నరో కనపడది. చెవులల్ల పడేది నవ్వొక్కటే.

1921 నవంబర్‌ల హైదరాబాద్ వివేకవర్ధిని బడిల ఒక సంఘ సంస్కరణ సభ జరిగింది. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి తెలుగుల మాట్లాడబోతే గోల చేసి గేలి చేసిండ్రు. ఆయనను ఒంటరిగ ఇంటికి పోనియ్యకుండ, సభల ఉన్న తెలుగోళ్లు కొందరు అదే రాత్రి కూడి ఆంధ్ర జన సంఘం పెట్టిండ్రు. అదే పెరిగి ఆంధ్ర మహాసభయ్యి, మన నల్లగొండ పల్లెలల్ల వెట్టికి ఎదురు నిలిచింది. తెలంగాణల కవులే లేరన్నోళ్లకు జవాబుగ సురవరం ప్రతాపరెడ్డి 1934ల 354 మంది కవులతోని గోలకొండ కవుల సంచిక అచ్చేసిండు. ఆయనది పాలమూరు దిక్కే. ఈ ముచ్చట ఆ పిలగానికి చెప్పు.

సార్ సంగతి అమ్మకు చెప్పు. 2009ల వచ్చిన విద్యాహక్కు చట్టం పిల్లలను కొట్టుడే కాదు, మానసికంగ వేధించుడు కూడ వద్దంటది. అది పెద్దోళ్లు మాట్లాడాల్సిన పని, నీ మీద వేసుకోకు.

వానితోని మాత్రం "పట్టించుకోకు" అనకు. నాతోని చానమంది అన్నరు, ఒక్కసారి కూడ పనికిరాలే. వాని పక్కన కూసో. ఆ పాఠం నీకు మళ్ల ఒకసారి చదివి వినిపించుమను, వాని యాసలనే.

సోమవారం బడికి పోయి వచ్చినంక ఏమైందో రాయి. ఇంత పెద్ద ఉత్తరంల వాని పేరు ఏడ రాయలే నువ్వు. పేరు కూడ రాయి.

మీ తాత