గేట్లు ముందే ఎత్తే మెదడు

రాజోలు వైపు నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. "మా వాడు డీ-అడిక్షన్ సెంటర్లో ఆర్నెల్లు బంగారంలా ఉన్నాడండి. ఒళ్లు చేశాడు, వేళకి తిన్నాడు. ఇంటికొచ్చిన వారానికే మళ్లీ మొదలెట్టాడు. ఆ సెంటర్ మంచిది కాదా, మా వాడే మంచోడు కాదా?" ట్రమడాల్ అనే నొప్పి బిళ్లలతో మొదలై హెరాయిన్ దాకా వెళ్లాడట ఆ అబ్బాయి. అమ్మా, ఆ సెంటర్ సంగతి నేను చెప్పలేను గానీ, అబ్బాయి మంచితనానికీ దీనికీ ముడిపెట్టకండి. ఆర్నెల్లు దూరంగా ఉన్నా ఒంటికి ఊరు గుర్తుంటుంది. అది ఎలా గుర్తుంటుందన్నదే అసలు కథ.

మన జిల్లాల్లో మత్తు కేసు అనగానే గంజాయి గుర్తొస్తుంది. దాని దారి వేరు. ఇక్కడ సంగతి నల్లమందు కుటుంబానిది: మార్ఫిన్, హెరాయిన్, ట్రమడాల్, టాపెంటడాల్. వీటన్నిటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. 2019లో ఎయిమ్స్ వైద్యుల సర్వే లెక్క ప్రకారం దేశంలో వీటిని వాడేవాళ్లు సుమారు 2.26 కోట్ల మంది. అందులో చికిత్స సాయం అవసరమైనవాళ్లు దాదాపు 77 లక్షలు.

గోదావరి వరద రోజులు ఒకసారి తలుచుకోండి. ధవళేశ్వరం దగ్గర నీళ్లింకా మామూలుగానే ఉంటాయి. కానీ భద్రాచలంలో 43 అడుగులు దాటిందని, మొదటి హెచ్చరిక ఇచ్చారని కబురొస్తుంది. ఆ నీరు ఇక్కడికి చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. బ్యారేజీ సిబ్బంది అంతవరకూ చేతులు కట్టుకుని కూర్చోరు. 175 గేట్లలో ఎన్ని, ఎంత ఎత్తాలో లెక్క వేసుకుని ముందే సిద్ధమవుతారు. మన మెదడు ఓపియాయిడ్‌తో చేసే పని సరిగ్గా ఇదే.

హెరాయిన్ ఒంట్లోకి వచ్చిన ప్రతిసారీ ఊపిరి నెమ్మదిస్తుంది, పేగులు కదలవు, కంటిపాప చిన్నదవుతుంది. శరీరం దీన్ని వరదగానే లెక్కిస్తుంది. మెదడు కాండంలో లోకస్ సెరూలియస్ అని ఒక చిన్న కణాల గుంపు ఉంది. మనల్ని మెలకువగా, చురుగ్గా ఉంచే నార్ అడ్రినలిన్ ఎక్కువగా అక్కడి నుంచే వస్తుంది. ఆ కణాల మీద మ్యూ రిసెప్టర్లని తాళాల్లాంటివి ఉంటాయి. వాటికి ఓపియాయిడ్ అతుక్కోగానే, లోపల అడినైలిల్ సైక్లేజ్ అనే ఎంజైమ్ మందగించి, కణాన్ని చురుగ్గా ఉంచే సైక్లిక్ ఏఎంపీ అనే రసాయనం పడిపోయి, కణం మూగబోతుంది. రోజూ ఇదే జరుగుతుంటే కణం ఊరుకోదు, ఎంజైమ్‌ను ఎక్కువగా తయారుచేసుకుంటుంది. అంటే మరిన్ని గేట్లు ఎత్తిందన్నమాట. అందుకే నిన్నటి డోసు నేడు చాలదు. ఒకరోజు వరద హఠాత్తుగా ఆగిపోతే? ఎత్తిన గేట్లు ఎత్తినట్టే ఉంటాయి, నార్ అడ్రినలిన్ పొంగిపోతుంది. ఆవులింతలు, ముక్కు కారడం, రోమాలు నిక్కబొడుచుకోవడం, విరేచనాలు, నిద్రలేమి. వీటినే విత్‌డ్రాయల్ లక్షణాలంటారు. హెరాయిన్ మానిన 8 నుంచి 12 గంటల్లో మొదలై, రెండు మూడు రోజులకు తారస్థాయికి చేరి, వారం పది రోజుల్లో చాలావరకు తగ్గుతాయి.

ఇంతవరకూ రసాయనం. కానీ ధవళేశ్వరం గేట్లు లేచేది భద్రాచలం కబురుకి కదా. మెదడుకు ఆ కబురు ఎక్కడి నుంచి వస్తుంది?

చోటు నుంచి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో షెపర్డ్ సీగెల్ బృందం 1982లో ప్రచురించిన ఎలుకల ప్రయోగం చూడండి. ఎలుకలకు ఎప్పుడూ ఒకే గదిలో హెరాయిన్ ఇస్తూ, డోసు మెల్లగా పెంచారు. వేరే గదిలో గ్లూకోజు నీళ్లే ఎక్కించారు. చివర్లో అందరికీ పెద్ద డోసు ఇచ్చారు. హెరాయిన్ అలవాటున్న గదిలోనే ఆ డోసు తీసుకున్నవాటిలో 32 శాతం చనిపోయాయి. అంతే అలవాటుండీ రెండో గదిలో తీసుకున్నవాటిలో 64 శాతం పోయాయి. అసలు అలవాటే లేనివాటిలో 96 శాతం. మొదటి రెండు గుంపులకూ మందు అదే, డోసు అదే, గది ఒక్కటే మారింది. తెలిసిన గది భద్రాచలం కబురులా పనిచేసి, సూది పడకముందే గేట్లు లేపింది. కొత్త గదిలో కబురు లేదు. మూసిన గేట్ల మీద వరద వచ్చి పడింది.

పావ్లోవ్ కుక్క పాఠాన్ని మన బడుల్లో గంట మోగితే లాలాజలం అని ఒక మార్కు ప్రశ్నగా ముగించేస్తారు. నాకు ఎప్పుడూ బాధే. శరీరం రాబోయేదాన్ని ముందే పసిగట్టి సర్దుకుంటుందన్నది అందులో అసలు సంగతి. అది సరిగా చెప్పి ఉంటే ఎన్ని ఇళ్లలో తిట్లు తగ్గేవో.

ఇప్పుడు అదే లెక్కను తిరగేయండి. కబురొచ్చింది, గేట్లు లేచాయి, వరద మాత్రం రాలేదు. ఉన్న నీరంతా సముద్రం పాలు, కాలువలకు అందదు. మెదడులో దాని పేరు తహతహ. ఆ అబ్బాయి బస్సు దిగి, ఒకప్పుడు బిళ్లలు చేతులు మారిన మెడికల్ షాపు సందు దాటాడనుకోండి. కాలవ గట్టు మీద తూము దగ్గర పాత స్నేహితుడి బైకు చప్పుడు వినిపించింది. సాయంత్రం ఆరు. ఒంట్లో చుక్క హెరాయిన్ లేకపోయినా ఆవులింత వస్తుంది, కడుపులో మెలిపెడుతుంది. ఇది నటన కాదు. అమెరికాలో మత్తు బానిసల కోసం 1935లో తెరిచిన లెక్సింగ్టన్ ఆసుపత్రిలో అబ్రహాం విక్లర్ అనే వైద్యుడు దీన్ని కళ్లారా చూశాడు. నెలల కిందట మానేసినవాళ్లు గుంపుగా కూర్చుని మత్తు కబుర్లు చెప్పుకుంటుంటే ఆవులించేవాళ్లు, కళ్లు తుడుచుకునేవాళ్లు.

అయ్యప్ప మాల వేసుకున్న 41 రోజులూ తాగుడు జోలికి పోనివాళ్లు మన ఊళ్లలో ఎందరో. మహిమ అంటారు, నేను కాదనను. కానీ గమనించండి: బట్టలు మారాయి, పడక మారింది, సాయంత్రం వేళ భజనకు పోయింది, పిలుపు కూడా "స్వామీ" అయింది. పాత కబుర్లన్నీ ఒకేసారి ఆగిపోయాయి. మాల తీశాక అవన్నీ తిరిగొస్తాయి. సెంటర్లో ఉంచి చేసే చికిత్సకు బలం ఇక్కడే ఉంది, లోపమూ ఇక్కడే ఉంది. వియత్నాంలో హెరాయిన్‌కు బానిసైన అమెరికా సైనికుల్లో, స్వదేశం చేరిన మొదటి ఏడాదిలో మళ్లీ బానిసలైనవాళ్లు 5 శాతం ప్రాంతమేనని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలి అధ్యయనంలో తేలింది. వాళ్లు మత్తు మరిగిన చోటును వదిలి ఇంటికొచ్చారు. మన పిల్లలు చాలామంది మానిన చోటును వదిలి, వాడిన చోటుకే ఇంటికొస్తారు.

అన్నిటికన్నా భయపడాల్సింది ఇంకొకటుంది. ఆర్నెల్లలో ఎంజైమ్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది, గేట్లు చాలావరకు దిగిపోతాయి. చేతికి మాత్రం పాత డోసే గుర్తుంటుంది. లండన్‌లో జాన్ స్ట్రాంగ్ బృందం 2003లో ప్రచురించిన పరిశీలనలో, ఓవర్‌డోస్‌తో చనిపోయినవాళ్లు ముగ్గురూ ఆసుపత్రిలో మత్తు వదిలించే చికిత్సను పూర్తిచేసినవాళ్లే. మధ్యలో వెళ్లిపోయినవాళ్లు కారు.

అందుకే "కడిగేసి పంపిస్తాం" అనే సెంటర్ నాకు నచ్చదు. బ్యూప్రెనార్ఫిన్ అనే మందు ఉంది. నాలుక కింద పెట్టుకోవాలి. అదే మ్యూ రిసెప్టర్లను గట్టిగా పట్టుకుంటుంది గానీ సగమే తెరుస్తుంది, ఒక హద్దు దాటి ఊపిరిని అణచదు. రోజూ ఒకే మట్టంలో పారే కాలువ నీరది. తహతహ అణుగుతుంది, పైన హెరాయిన్ పడినా పట్టు దొరకదు. "ఒక మత్తు పోయి ఇంకో మత్తు" అని బంధువులు సాధిస్తారు, పట్టించుకోకండి. నెలలు, అవసరమైతే ఏళ్లు వాడొచ్చు. అన్నంలో రహస్యంగా కలిపే పొడుల జోలికి మాత్రం పోవద్దు. అందులో ఓపియాయిడ్‌ను అడ్డుకునే నాల్ట్రెక్సోన్ లాంటి మందు ఉండి, అబ్బాయి ఇంకా వాడుతూ ఉంటే, నిమిషాల్లో తీవ్రమైన విత్‌డ్రాయల్‌లో పడి ఆసుపత్రి పాలవుతాడు.

సెంటర్ గేటు దగ్గర ఇవి అడగండి: డాక్టరు రోజూ వస్తారా, బ్యూప్రెనార్ఫిన్ ఇస్తారా, ఇంటికి పంపాక ఎవరు చూస్తారు. గొలుసు కనిపిస్తే వెనక్కి వచ్చేయండి, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం గొలుసుతో కట్టడం నిషేధం. ఎక్కడికెళ్లాలో తెలియకపోతే 14446 ఉచిత హెల్ప్‌లైన్ ఉంది.

అబ్బాయి ఇంటికొచ్చిన మొదటి వారాల్లో ఒంటరిగా పడుకోనివ్వకండి. పిలిచినా లేవకుండా, గరగరమని గురక పెడుతూ, పెదాలు నీలంగా, కంటిపాపలు సూదిమొనల్లా ఉంటే పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. ఊపిరి ఆగితే నోటితో ఊపిరి అందించండి. ఆసుపత్రిలో నాలోక్సోన్ అనే విరుగుడు మందు ఇస్తే నిమిషాల్లో కళ్లు తెరుస్తాడు. తెరిచాడని వెంటనే ఇంటికి తెచ్చేయొద్దు. దాని పని అరగంట నుంచి గంటన్నరలో తగ్గిపోతుంది, ఒంట్లో ఉన్న మత్తు అంతకన్నా ఎక్కువసేపు ఉండొచ్చు.