ఎండెక్కితే వోల్టేజీ ఎందుకు జారుతుంది?

మే నెల మధ్యాహ్నం తిరుపతిలో నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది. అదే ఎండలో రేకు డబ్బాలో బిగించిన బోర్డు 60 పైకి పోవడం మామూలే. చిత్తూరు వైపు మామిడితోటలో 3.7 వోల్టుల లిథియం సెల్‌ నుంచి 12 వోల్టులు తీసి సెన్సర్ నడిపే బూస్ట్ కన్వర్టర్‌కి అసలు పరీక్ష అప్పుడే. పొద్దున 12 చూపించిన మీటరు మధ్యాహ్నం 12.2 చూపిస్తే, అంటే వోల్టేజీ ఉన్నచోట నిలవకుండా పైకో కిందికో జారితే, చాలామంది ముందు కాయిల్‌నో డయోడ్‌నో అనుమానిస్తారు, ఎందుకంటే ముట్టుకుంటే చుర్రుమనేవి అవే. చాలాసార్లు తప్పు వాటిది కాదు.

షాట్కీ డయోడ్ దగ్గర పోయే వోల్టేజీ వేడికి కాస్త తగ్గుతుంది, స్విచ్‌గా పనిచేసే మోస్‌ఫెట్ రెసిస్టెన్స్ పెరుగుతుంది, నిజమే. కానీ అవన్నీ ఫీడ్‌బ్యాక్ లూప్ (ఔట్‌పుట్‌ని కొలిచి సరిచేసే చక్రం) లోపలే ఉన్నాయి కాబట్టి ఔట్‌పుట్ కదలగానే కన్వర్టర్‌ని నడిపే చిప్పు, అంటే ఐసీ, పసిగట్టి, స్విచ్ ఆన్‌లో ఉండే సమయాన్ని మార్చి సర్దేస్తుంది. దానికి సర్దడం చేతకానిది ఒక్కటే, తను దేంతో కొలుస్తోందో ఆ కొలత. టమాటా మండీలో తూకపురాయే అరిగిపోయి ఉంటే ఎంత నిజాయితీగా తూచినా లెక్క తప్పుతుంది కదా, అలాగే.

ఆ కొలతలో ఒక సగం ఐసీ లోపలి రెఫరెన్స్, అంటే పోల్చి చూడటానికి పెట్టుకున్న స్థిరమైన వోల్టేజీ. ట్రాన్సిస్టర్ బేస్-ఎమిటర్ వోల్టేజీ డిగ్రీకి దాదాపు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. వేర్వేరు కరెంటు సాంద్రతలతో నడిచే రెండు ట్రాన్సిస్టర్ల ఆ వోల్టేజీల మధ్య తేడా మాత్రం వేడితో పెరుగుతుంది. ఆ పెరుగుదలను తగినంత హెచ్చించి మొదటిదానికి కలిపితే 1.2 వోల్టుల దగ్గర రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. చిప్ డిజైనర్ రాబర్ట్ విడ్లర్ 1970ల మొదట్లోనే చిప్పులకెక్కించిన ఈ ఉపాయం నాకు ఇప్పటికీ అద్భుతంగానే అనిపిస్తుంది.

రెండో సగం, ఔట్‌పుట్‌ని రెఫరెన్స్‌తో పోల్చగలిగేంతకి తగ్గించి ఐసీకి చూపించే బయటి రెండు రెసిస్టర్లు, గొడవ ఎక్కువగా వచ్చేది ఇక్కడే. రెఫరెన్స్ 1.25 వోల్టులు అనుకోండి. ఒక రెసిస్టర్ డిగ్రీకి పదిలక్షల్లో 100 వంతులు పెరిగి, రెండోది అంతే తగ్గితే, 40 డిగ్రీల తేడాకి ఔట్‌పుట్ సుమారు 86 మిల్లీవోల్టులు కదులుతుంది. రెండూ ఒకేలా మారితే మాత్రం నిష్పత్తి చెదరదు, ఔట్‌పుట్ కూడా కదలదు. అందుకే ఒకే సిరీస్, ఒకే రకం రెసిస్టర్లు పక్కపక్కనే, కాయిల్‌కి దూరంగా పెట్టాలి. చవక మాడ్యూల్‌లో ప్రీసెట్ (తిప్పి విలువ మార్చే చిన్న రెసిస్టర్) ఉంటే, విలువ కుదిరాక దాన్ని తీసేసి మామూలు రెసిస్టర్లు వేయడమే మంచిది.

ఆ రెండు రెసిస్టర్లు కలిసే చోట ఉండే ఐసీ ఫీడ్‌బ్యాక్ పిన్ మీద మీటరు పెట్టి బోర్డుని మెల్లగా వేడి చేయండి. పిన్ వోల్టేజీ కదలకుండా ఔట్‌పుట్ మాత్రమే జారితే తప్పు రెసిస్టర్లదే, లేదంటే వాటి పక్కన లీకేజీది. పిన్ కూడా ఔట్‌పుట్‌తో పాటే కదిలితే రెఫరెన్స్‌ని చూడాలి. పిన్ బాగా పడిపోతే అది వేరే కథ: సెల్ నీరసించో, కాయిల్ వేడికి సాచురేట్ అయ్యో (దాని కోర్ ఇక అయస్కాంతశక్తిని పట్టలేకపోయో) కన్వర్టర్ కరెంటు హద్దుకి చేరి ఉంటుంది, అప్పుడు కాయిల్‌ని అనుమానించడం న్యాయమే. ఒక జాగ్రత్త, పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఉండే కింది రెసిస్టర్ 1 మెగాఓమ్ అయితే 10 మెగాఓమ్‌ల మీటరు తగిలించగానే ఆ విలువ 9 శాతం పడిపోయి ఔట్‌పుట్ పైకి లేస్తుంది.

నవంబరు వానల్లో మాత్రమే జారుతుంటే రెసిస్టర్ల మధ్య సోల్డరింగ్‌లో మిగిలిన ఫ్లక్స్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బాగా కడిగి, ఆరబెట్టి మళ్లీ కొలవండి. తేమ తగిలిన ఫ్లక్స్ కూడా ఒక రెసిస్టరే, సర్క్యూట్ బొమ్మలో మాత్రం కనపడదు.