లాభానికి హద్దు లేదు, నష్టానికి మాత్రం ఉంది

క్యాపిటలిజం మంచిదా చెడ్డదా అని జనం వాదించుకున్నప్పుడల్లా మాట కోటీశ్వరుల మీదకో ట్యాక్సుల మీదకో పోతుంది గానీ, దాని మంచీ చెడూ చాలావరకు ఒకే రూల్‌లోంచి వచ్చాయన్న సంగతి ఎవరూ ఎత్తరు. అదే లిమిటెడ్ లయబిలిటీ. కంపెనీ మునిగితే షేర్‌లో పెట్టిన డబ్బు పోతుంది అంతే, అప్పులవాళ్లు మన ఇంటి మీదకి రాలేరు.

1602 ఆగస్టులో డచ్ ఈస్టిండియా కంపెనీ షేర్ల పుస్తకం ఆమ్‌స్టర్‌డామ్‌లో డిర్క్ వాన్ ఓస్ అనే వ్యాపారి ఇంట్లో పెట్టారు, ఎవరైనా వచ్చి ఎంతైనా రాయించుకోవచ్చు. ఆ ఇంట్లో పనిచేసే నీల్ట్‌గెన్ కొర్నెలిస్ అన్నాళ్లూ చూసి చూసి ఆఖరి రోజు తనూ 100 గిల్డర్లు (అప్పటి డచ్ డబ్బు) రాయించింది, రోజుకి అర గిల్డర్ కూడా సంపాదించని మనిషి! ఆ ఒక్క ఊళ్లోనే 1,100 మందికి పైగా రాయించారు, అన్ని ఊళ్లూ కలిపి దాదాపు 64 లక్షల గిల్డర్లు పోగైంది. ఏ షావుకారూ ఒక్కడే పెట్టలేనంత డబ్బు ఇలా చిన్నా పెద్దా చేతుల్లోంచి వచ్చి ఓడలు కట్టింది, క్యాపిటలిజంలో నాకు నిజంగా గొప్పగా అనిపించేది ఇదే.

కానీ అదే కంపెనీ 1621లో జాజికాయ వ్యాపారం మొత్తం తనకే దక్కాలని ఇప్పటి ఇండోనేషియాలో ఉన్న బందా దీవుల మీద పడింది. అక్కడ 15 వేల మంది దాకా ఉండేవాళ్లని అంచనా, చంపేసినవాళ్లు, ఆకలికి పోయినవాళ్లు, బానిసలుగా పట్టుకెళ్లినవాళ్లు పోగా మిగిలింది చాలా కొద్దిమంది. ఆమ్‌స్టర్‌డామ్‌లో షేర్లున్న ఒక్కరూ దీనికి జవాబు చెప్పాల్సిన పని పడలేదు.

బ్రిటన్ మాత్రం చాలాకాలం భయపడింది. 1720లో సౌత్ సీ అనే కంపెనీ షేర్ల పిచ్చి నడుస్తుండగానే పర్మిషన్ లేని కంపెనీలు పెట్టకూడదని చట్టం తెచ్చింది, అది 1825 దాకా ఉంది. 1855లో గానీ మామూలు కంపెనీలకి లిమిటెడ్ లయబిలిటీ ఇవ్వలేదు.

ఈ రూల్ లేకపోతే ఏమవుతుందో 1878లో స్కాట్లాండ్‌లోని సిటీ ఆఫ్ గ్లాస్గో బ్యాంక్ మునిగినప్పుడు తెలిసింది, చట్టం వచ్చినా ఆ బ్యాంక్ లిమిటెడ్ లయబిలిటీ తీసుకోలేదు. దొంగ లెక్కలు రాసింది డైరెక్టర్లు, కట్టాల్సి వచ్చింది షేర్‌హోల్డర్లు, మొదటి విడతలోనే 100 పౌండ్ల షేర్‌కి 500 పౌండ్లు కట్టమన్నారు. ఎవరి పిల్లల కోసమో ట్రస్టీగా షేర్లు తన పేరున ఉంచుకున్నవాళ్లు కూడా సొంత ఆస్తిలోంచి కట్టాల్సిందే అని కోర్టు చెప్పింది. 1,819 మంది షేర్‌హోల్డర్లలో దివాలా తీయకుండా బయటపడింది 254 మందే. ఇది చదివాక లిమిటెడ్ లయబిలిటీ తీసేయాలని నేను అనలేను.

నా బాధల్లా ఏంటంటే, ఆ పనమ్మాయి లాంటివాళ్లకి, అంటే కంపెనీ నడపడంలో ఏ చేయీ లేనివాళ్లకి అడ్డుగా ఉండాల్సిన గోడ, నడిపేవాళ్లనే కాపాడటం మొదలెట్టింది. అమెరికాలో ఒకప్పుడు నేషనల్ బ్యాంక్ మునిగితే షేర్‌హోల్డర్లు షేర్ ముఖవిలువంత డబ్బు మళ్లీ కట్టాల్సి వచ్చేది, 1930లలో అది పోయింది. షేర్లు, బాండ్ల వ్యాపారం చేసే వాల్‌స్ట్రీట్ ఫర్మ్‌లు చాలావరకు పార్ట్‌నర్‌షిప్‌లుగా ఉండేవి, రిస్క్ తీసుకుంటే పార్ట్‌నర్ల సొంత ఆస్తే పోయేది కాబట్టి చేయి కాస్త వణికేది. 1970లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌చేంజ్ వాటి షేర్లు కూడా జనానికి అమ్ముకోవచ్చంది, ఒక్కొక్కటీ లిమిటెడ్ లయబిలిటీ ఉన్న కంపెనీ అయిపోయింది. 2008 సెప్టెంబర్ 15న వాటిలో ఒకటైన లేమన్ బ్రదర్స్ 600 బిలియన్ డాలర్లకి పైగా అప్పులతో దివాలా తీసింది, మూడు వారాలు తిరక్కముందే మిగతావి పడిపోకుండా ఆపడానికి అమెరికన్ కాంగ్రెస్ 700 బిలియన్ డాలర్ల దాకా ప్రజల డబ్బు వాడుకోమని ఒప్పుకుంది. ఆ డబ్బు ఎవరి జేబులోంచి వస్తుందో వాళ్లలో చాలామంది ఆ షేర్లు జన్మలో కొననివాళ్లు.